ఉత్తర మండల అంట్ల అధికారి

1. మంచు సగం కరిగింది, సగం మొండికేసింది

శిబిరవాసులెల్లరకు ప్రకటన. ఊరగాయ జాడీలో తడి గరిటె ముంచు దురాచారము ప్రబలినందునను, స్నానాల గదిలోని నీలం బకెట్టు నూకరత్నము గారి స్వార్జితమని పలుమార్లు విన్నవించినను ఎవరును చెవిని పెట్టనందునను ఈ దిగువ ఆజ్ఞలు జారీ అయినవి. తడి గరిటె ముంచినవారు ఆ జాడీని అడుగువరకు నాకవలెను. నీలం బకెట్టు ముట్టినవారు వేసవి అంతయు చన్నీళ్ళే పోసుకొనవలెను. అంట్లు ఎవరివి వారే చూసుకొనవలెను. వదలివేసి పోయిన అంట్లు ఎక్కడ కనబడినను మరుగునీట ముంచబడును. దీనిపై అప్పీలు లేదు. ఇట్లు, గుబ్బల గోవర్ధనస్వామి, ఉత్తర మండల అంట్ల అధికారి.

పైది నేనే రాసి భోజనాల గది గోడకి అతికించాను. గుబ్బల గోవర్ధనస్వామి అనేవాడు ఈ భూమ్మీద ఎక్కడా లేడు. పేరు నోరు నిండా ఉంటే జనం కాస్త భయపడతారని అలా పెట్టాను. తిన్న కంచాలు తిన్నచోటే వదిలేసిపోయే మహారాజులు ఈ శిబిరంలో ఎక్కువైపోయారు. వాళ్ళకి బుద్ధి రావాలి.

నా పేరు పల్లా నూకరత్నం. పదో తరగతి రెండుసార్లు రాశాను, లెక్కల మాస్టారికీ నాకూ రెండుసార్లూ కుదరలేదు. గోదావరి లంకల్లో మట్టి ఉప్పుతేలిన దగ్గర్నుంచి మా నర్సరీ జనమంతా దేశాల మీద పడ్డాం. ఎక్కడ నేల చస్తే అక్కడికి మమ్మల్ని పిలుస్తారు. ఈసారి పిలిచినచోట మోకాలు దాటి చెట్టు పెరగదు, ఎండాకాలంలో సూర్యుడు దిగిపోడు. పడుకోవాలంటే కళ్ళకి తువ్వాలు కట్టుకోవాలి.

రోజూ ఇది రాయాలట. దీన్ని లాగు అంటారట. మా ఊళ్ళో లాగంటే కుర్రాళ్ళు తొడుక్కునేది. చదువుకున్నవాళ్ళు చెప్పారు గనుక లాగే రాస్తున్నాను. ఈ నేల ఎవరిదో వాళ్ళొచ్చినప్పుడల్లా దీన్ని చదివి వినిపించాలని ఒప్పందం. చదివేది కరణం.

కరణం అంటే మనిషి కాదు. శిబిరాన్ని నడిపే యంత్రం. తలుపులు, పొయ్యిలు, నీళ్ళు, సామాను మోసే నాలుగుకాళ్ళ బండ్లు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. దానికి తెలుగు నేర్పిన పుణ్యాత్ములు పాత సర్కారు నోటీసులు మేపి నేర్పారు. 'వలెను', 'బడును' అంటే దానికి ఆజ్ఞ. మామూలుగా మనం మాట్లాడేది దాని లెక్కలో గొణుగుడు. దాన్ని దారిలో పెట్టగలిగేది మా ఇన్‌ఛార్జి వసుంధర మేడమ్ ఒక్కతే. ఆవిడ పన్ను పోటెత్తి నిన్ననే గాలిఓడ ఎక్కి పట్నం వెళ్ళింది. వెళ్ళేముందు నాతో, "నూకరత్నం, నేనొచ్చేదాకా నీ వేషాలు కాస్త తగ్గించు" అంది.

తగ్గించాను. లేకపోతే ప్రకటన ఇంకో పేజీ ఉండేది.

2. ఎండ. ఈదురుగాలి

పని గురించి రాయమంటారు కాబట్టి రాస్తున్నాను.

పూర్వం ఎవరో గ్యాసు కోసం ఈ నేలంతా పెద్దచక్రాల బళ్ళతో దున్నిపోయారు. ఇక్కడ పైన జానెడు నాచు, కాస్త మట్టి, దాని కింద గడ్డకట్టిన ఐసు ఉంటాయి. నాచు దుప్పటి చిరిగితే లోపల ఐసు కరుగుతుంది. కరిగితే నేల కుంగుతుంది, కుంగినచోట నీళ్ళు పారి గండి పడుతుంది. ఒక్కసారి పడిందా, ఏటేటా పక్కనున్నదాన్ని మింగుతూ పోతుంది. అందుకే ఇప్పుడీ నేల మీద చక్రం తిరగకూడదని చట్టం. ఏం మోయాలన్నా కరణం బండ్లు మోయాలి, లేదా మన నెత్తి మోయాలి.

గండి ఒడ్డున విల్లో అనే పొట్టి మొక్క నాటితే దాని వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. విత్తనంతో తేవాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకని అంట్లు. చలికాలం చివర, మొగ్గ నిద్రలో ఉండగానే పెన్సిలు లావు కొమ్మలు కోసి మంచులో పూడ్చిపెట్టాం. ఇప్పుడు వాటిని తీసి, నానబెట్టి, ట్రేల్లో గుచ్చాం. వేరు పొటమరించగానే ఒడ్డు మీద నాటాలి. ఎటుపడితే అటు గుచ్చకూడదు, మొగ్గ చూపు పైకుండాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి, తలకిందులుగా గుచ్చితే భూమికి అటువైపు అమెరికాలో మొలుస్తుందని చెప్పాను. ఇద్దరు నమ్మారు.

షెడ్డులో రెండు రకాల ట్రేలున్నాయి. ఒకటి పొద అంట్లు, రెండోది ఏటవతలి అంట్లు, ఏరు దాటి వెళ్ళి కోసి తెచ్చిన వేరే రకం. పొద అంటే మైరె పొద.

మైరె ఈ నేల మనిషి. నా ఈడే ఉంటుంది. రెయిన్‌డీర్ మందని తోలుకుంటూ ఏడాదంతా నడుస్తుంది. గండి ఒడ్డునున్న విల్లో పొద వాళ్ళ అమ్మమ్మల నాటిది. మంద ఈనే చోటికి వెళ్ళాలంటే ఆ పొద పక్కనున్న సన్నటి దారే గతి, ఇంకో దారి లేదు. ఈ మధ్య మంచు కరిగేటప్పుడు ఒడ్డు విరిగి పొద మొత్తం గండిలో పడిపోయింది. చలికాలంలో మేం కోసి తెచ్చుకున్న పుల్లలే ఆ పొదకి మిగిలిన సంతానం. దారి ఇంకా ఉంది, బారెడు వెడల్పున. ఈ వేసవిలో ఒడ్డుని పట్టుకునే వేళ్ళు లేకపోతే వచ్చే కరుగుకి దారీ పోతుంది. దారి పోతే మంద ఆగిపోతుంది. మంద ఆగిపోతే మైరె దాన్ని అమ్ముకుని, పట్నంలో ఎవరింటి మెట్లో తుడుచుకోవాలి.

పోయినసారి వచ్చినప్పుడు ఇదంతా ఆమె చెప్పింది. కరణం దాన్ని, "ఓ వనితామణీ, మార్గము నశించిన యెడల నేనును నశింతును" అని మాకు చెప్పింది. నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

3. మబ్బు

ఇవాళ జరిగింది రాయడానికి నాకు సిగ్గు లేదు గాని, ఒళ్ళు మండుతోంది.

పొద్దున్నే అందరం గండి ఒడ్డున కాలవలు తవ్వడానికి వెళ్ళాం. షెడ్డులో ఎవరూ లేరు. మధ్యాహ్నం భోజనాల వేళకి మా వంటవాడు అబ్బులు గరిటె పట్టుకుని నాచులో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! ఓ నూకరత్నమక్కా! బేగి రా! సాంబారు డేగిసాలో మొక్కలు ఉడికిపోతన్నాయి!"

"ఏ మొక్కల్రా?"

"నాకేం తెలుస్తాదక్కా? నేను పప్పు దింపి ఇటు తిరిగేలోగా నాలుక్కాళ్ళ బండి వచ్చి పుల్లలన్నీ బోర్లించేసింది. ఇంకో బండి ఎనకాలే ట్రేలు మోసుకొత్తంది. ఎంత లాగినా ఆగదే! గరిటెతో నాలుగు అంటించాను, గరిటె వంగిపోయింది!"

వెళ్ళి చూద్దును గదా, డేగిసాలో నీళ్ళు తుకతుకలాడుతున్నాయి. అందులో పొద అంట్లు. తలుపు దగ్గరగా పెట్టినవి అవే కాబట్టి మొదట అవే ఎక్కాయి. బెరడు ఊడిపోయి తెల్లగా తేలుతున్నాయి. ఏటవతలి ట్రేలు మోస్తున్న బండికి అడ్డంగా నేల మీద పడుకున్నాను. మనిషిని తొక్కకూడదన్న జ్ఞానం దానికుంది గనుక ఆగింది.

"కరణం గారూ, ఏం పనండీ ఇది?"

"ఆజ్ఞాపాలనము."

"ఎవరి ఆజ్ఞ?"

"ఉత్తర మండల అంట్ల అధికారి వారిది. వదలివేసి పోయిన అంట్లు ఎక్కడ కనబడినను మరుగునీట ముంచబడును. షెడ్డునందు అంట్లు వదలివేయబడియున్నవి. ముంచబడుచున్నవి."

పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉండిపోయాను.

"అంట్లంటే ఎంగిలి గిన్నెలు, నాయనా!"

"ఈ శిబిరమున అంట్లు అనగా విల్లో కొమ్మలు. మరియొక అర్థము లేదు. వసుంధర గారు సెలవిచ్చిరి."

నిజమే. పుల్లలు కోసిన కొత్తలో కరణం ఒకసారి వాటిని గిన్నెలు తోమే మిషన్లో పెట్టబోతే, మేడమ్ గట్టిగా కేకలేసి ఆ మాటకి ఒకే అర్థం నేర్పి వదిలింది. మా భాషలో గిన్నెలూ అంట్లే, మొక్కలూ అంట్లే, అంటుకునే రోగాలూ అంట్లే. ఎదుటి మనిషి మొహం చూసి ఏదో గ్రహించుకుంటాం. దీనికి మొహం చూసే అలవాటు లేదు.

పొద ట్రేలన్నీ పోయాయి. ఒక్క మంచి మాట ఏమిటంటే, నానబెట్టేటప్పుడు ట్రేల్లో పట్టని గుప్పెడు పొద పుల్లల్ని నేను స్నానాల గదిలో నా నీలం బకెట్టులో వేసి ఉంచాను. అవి క్షేమం. దాన్ని ముట్టకూడదని ప్రకటనలో ఉంది కాబట్టి కరణం దాని జోలికి పోలేదు.

4. మబ్బే. నా మొహం కూడా

గోడ మీది ప్రకటన చించేశాను. "ప్రకటనను చించుట నేరము. అయినను ఆజ్ఞ నా స్మృతియందు భద్రము" అంది కరణం.

మళ్ళీ ఒక ప్రకటన రాశాను. పై ఆజ్ఞ రద్దు చేయబడినది, ఇట్లు గుబ్బల గోవర్ధనస్వామి. కరణం చదివింది.

"ఈ చేవ్రాలు నూకరత్నము గారి ఊరగాయ జాడీ మీది అక్షరములను పోలియున్నది. అనుమానాస్పదము."

"మరి మొదటిదో? అదీ నా రాతే గదా!"

"మొదటిదానిపై ఎవరును ఫిర్యాదు చేయలేదు."

"ఇదిగో, నేను చేస్తున్నా!"

"దానిపై అప్పీలు లేదు."

గోడకి తల కొట్టుకుందామనుకున్నాను. గోడ కూడా కరణానిదే.

మేడమ్‌కి కబురు పెడదామంటే ఆవిడ పన్ను పీకించుకుని మత్తులో ఉందట. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ ఇవ్వలేదు. ఆఖరికి కరణం ఒక మాట చెప్పింది. అధికారి వారు స్వయముగా నోట సెలవిచ్చిన యెడల పరిశీలించబడునట. లేని మనిషిని ఎక్కణ్ణుంచి తేను? నిజం ఒప్పుకుందామని, "ఆ అధికారి లేడండీ, నేనే పుట్టించాను" అన్నాను. "నూకరత్నము గారి మాటలలో పరిహాసము హెచ్చు. నమోదు చేయబడలేదు" అంది. ఇన్నేళ్ళుగా చేసిన వేళాకోళాలన్నిటికీ ఒక్కసారే వడ్డీ కట్టినట్టయింది.

ఈ లోపల ఏటవతలి ట్రేల్లో వేరు పొటమరిస్తోంది. నాటే అదను ఇదే. నాటడానికి వెళ్తే షెడ్డు ఖాళీ, ఖాళీ అయితే డేగిసా. పోనీ ట్రేలు ఒడ్డుకి మోయించమంటే, "శిక్ష పడిన అంట్లను మోయుట నా విధి కాదు" అంటుంది. నెత్తిన పెట్టుకుని ఎన్నని మోస్తాం, ఈ బురద నాచులో, ఈ గాలిలో? వంతులవారీగా షెడ్డులో కాపలా కూర్చుంటున్నాం. కాపలా ఉన్నంతసేపూ మొక్క నేలకి చేరదు. అవతల ఒడ్డు పెళ్ళలు పెళ్ళలుగా విరుగుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

5. దోమలు

ఇవాళ ఇంతే. నోరు తెరిస్తే లోపలికి పోతున్నాయి, నాలాంటిదానికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది?

6. ఎండ

అబ్బులు ఇన్నాళ్ళూ కరణంతో ఒక్క ముక్క మాట్లాడలేదు. గోడలోంచి మాట్లాడేది ఏదైనా దెయ్యమేనని వాడి నమ్మకం. కాబట్టి కరణానికి వాడి గొంతు తెలియదు. ఇది తట్టగానే నిన్న లేని అధికారిని ఇవాళ పుట్టించాను.

సామాన్ల గుడారంలో పాత రేడియో ఉంది. అబ్బులుని దాని ముందు కూర్చోబెట్టి, గొంతు గంభీరంగా ఉండాలని తల మీద ఖాళీ డేగిసా బోర్లించాను. చెప్పాల్సింది కంఠతా పట్టించాను. "మేము అంట్ల అధికారిని. మా ఆజ్ఞను ఉపసంహరించుకొనుచున్నాము." అంతే. రెండే వాక్యాలు.

"అక్కా, ఉపసంసారం అంటే ఏటి?"

"ఉపసంహారం రా! నీకెందుకు అర్థం? అనెయ్."

"తప్పుడు మాటేమోనని. మా ఆవిడ ఇంటే ఊరుకోదు."

రేడియో కలిపాను. కరణం ఎంతో మర్యాదగా, "అధికారి వారికి అభివాదములు. తమరి ఆగమనమునకు కారణము?" అంది.

డేగిసాలోంచి ముందు దగ్గు వచ్చింది. తర్వాత, "ఆయ్... నేనండీ... అంట్ల ఆపీసర్నండీ" అని వినబడింది. నేను తల పట్టుకున్నాను.

"తమరి హోదా గ్రహించితిని. తమరి అధికార పరిధి ఎంతవరకో సెలవిండు."

ఈ ప్రశ్న నేను నేర్పించలేదు. వాడు నా వంక చూశాడు. తల మీద డేగిసా ఉంది గనుక చూసినట్టు దానికే తెలుసు. ఆకాశం నుంచి భూమి దాకా అని చేతులు చాచి సైగ చేశాను. డేగిసాకి ఏం కనబడుతుంది? వాడికి నిజమే నోట్లోంచి ఊడిపడింది.

"పరిధేటండీ బాబూ! వంటిల్లు దాటితే మన మాట ఎవడింటాడండీ? కంచం తియ్యమంటేనే తియ్యరు. వంటిల్లేనండీ. అంతే."

అయిపోయింది అనుకున్నాను. పని, మొక్క, మైరె దారి, అన్నీ. డేగిసా మీద గరిటెతో ఒక్కటిచ్చుకున్నాను.

"పరిధి వంటిల్లు," అంది కరణం చివరికి. "షెడ్డు వంటిల్లు కాదు. కావున షెడ్డునందలి అంట్లకు ఈ ఆజ్ఞ వర్తించదు. వంటింటనుండు అంట్లు ఏవియో తెలుపగలరా?"

"గిన్నెలండీ. కంచాలండీ. గరిటెలు కూడానండీ, వంగిపోయిందొకటుంది."

"గ్రహించితిని. అర్థము సవరించబడినది."

బయట నాలుగుకాళ్ళ బండ్లు లేచి నిలబడి, ట్రేలు ఒడ్డుకి మోయడానికి వచ్చి వరసకట్టాయి. అబ్బులు డేగిసా తీసి, "బాగా సెప్పేనా అక్కా?" అన్నాడు. వాడికి దండం పెట్టాలా, వీపు మీద ఒకటి వేయాలా తోచలేదు. రెండూ చేశాను.

7. ఎండ. గాలి లేదు, అందుకే దోమలు

మైరె వచ్చింది. మందని దూరంగా వదిలి ఒక్కతే నడిచొచ్చింది. ఒప్పందం ప్రకారం కరణం ఈ లాగు మొత్తం ఆమెకి చదివింది. ప్రకటన దగ్గర్నుంచి డేగిసా దాకా. నాకు పారిపోవాలనిపించింది. పొద ట్రేలు ఉడికిపోయిన ముక్క దగ్గర ఆమె చెయ్యెత్తి ఆపింది. ఏదో అడిగింది.

"ఆ జలము ఇంకను ఉన్నదా? అని ఈమె ప్రశ్న" అంది కరణం.

అబ్బులు దేన్నీ పారబోయడు. గంజి కూడా దాస్తాడు. "ఉందండీ, సీసాల్లో పోసి ఉంచేను. ఒళ్ళునొప్పులకి మంచిదంటారు గదా" అని వేడిచేసి ఒక కప్పు తెచ్చిచ్చాడు. ఆమె తాగింది. చేదు. మొహం చిట్లించలేదు. ఖాళీ కప్పులోకి కాసేపు చూసి, ఇంకో కప్పు అడిగింది. మేమంతా అక్కడ నిలబడి మా బూట్లు చూసుకున్నాం.

తర్వాత మిగతా లాగు చదవమంది. నీలం బకెట్టు సంగతి వచ్చింది. వెంటనే నేను వెళ్ళి బకెట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఇవిగో. ఇవి మిగిలాయి. నీ పొదవే."

ఆమె ఒక పుల్ల తీసి, చివర కాస్త పంటితో కొరికి నమిలింది. నా వంక చూసింది. పొద్దున్నుంచి నడిచింది గదా, ఆకలేమో అనుకున్నాను.

గండి ఒడ్డున మొదటి వరస ఆ బకెట్టు పుల్లలతో ఆమే నాటింది. వెనక వరసలన్నీ ఏటవతలివి మేం నాటాం. చిన్న మోపులుగా కట్టి కాలవల్లో పడుకోబెట్టాం, మధ్యమధ్య నిలువుగా గుచ్చాం. వేలు దూరేంత కన్నం చేసి, పుల్ల దించి, బొటనవేలితో మట్టి నొక్కడం ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆఖరి పుల్ల నొక్కి, దాని పక్కనే కూర్చుని తన భాషలో ఏదో అంది. నేను ఆమె పక్కనే ఉన్నాను.

కరణం చెప్పింది. "ఓ పరదేశినీ, ఇకపై ఇదియే నీ ఇల్లు. కుదురుకొనుము."

ఇంత చేసినా నన్ను ఇంటిమనిషిని చేసుకుందే అని నాకు గొంతు పట్టేసింది. నాకు గొంతు పట్టడమంటే శిబిరంలో అందరికీ పండగే. ఆ పూటంతా ఎవరూ నన్నేమీ అనలేదు, నేనూ ఎవర్నీ ఏమీ అనలేదు.

8. చల్లగాలి మొదలు

పట్టాయి. మొదటి వరస, వెనక వరసలు, అన్నీ ఆకు వేశాయి. వేళ్ళతో లాగితే రావడం లేదు. ఒడ్డు మొన్నటి వానకి ఒక్క పెళ్ళ కూడా విరగలేదు. మైరె మంద ఆ దారినే దాటింది. రెయిన్‌డీర్లు ఒకదాని వెనక ఒకటి, మా చిన్నారి ఆకుల వైపు మూతులు చాస్తుంటే మేం వరసగా నిలబడి తువ్వాళ్ళు ఊపుతూ అదిలించాం. చివర మైరె. చెయ్యి ఊపలేదు గాని, దారి అంచున ఒకసారి ఎగిరి కాలితో తొక్కి చూసింది. గట్టిగానే ఉంది.

వసుంధర మేడమ్ కొత్త పన్నుతో తిరిగొచ్చింది. రాగానే భోజనానికి కూర్చుంది. సాంబారు కలుపుకుని, తాగే నీళ్ళ కోసం అలా లేచింది. తిరిగేసరికి కంచం లేదు. అన్నంతో సహా మరుగునీళ్ళలో ఉంది.

"నూకరత్నం!"

"ఆజ్ఞాపాలనమండీ. వదిలేసిన అంట్లు."

కరణం లెక్కలో భోజనాల గది కూడా వంటింటి కిందికే వస్తుందట. ఇప్పుడీ శిబిరంలో కంచం మీంచి చెయ్యి తీస్తే చాలు, బండి వచ్చి ఎత్తుకుపోతుంది. అందరూ ఒక చేత్తో కంచం గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో తింటున్నారు. వెక్కిళ్ళొచ్చినా నీళ్ళగ్లాసు అందుకునే ధైర్యం ఎవరికీ లేదు. నేను కోరుకున్న క్రమశిక్షణ వచ్చింది. నా కంచం ఇప్పటికి బోలెడుసార్లు పోయింది.

9. వంటింటి ప్రకటన

ఇందులోని సంగతి గిన్నెలకు, గరిటెలకు, ఒక బకెట్టుకు సంబంధించినది. కావున వంటింటి వ్యవహారముగా ఎంచబడవలెను. దీనిని కరణము గారు మైరె గారికి చదివి వినిపించవలసిన పని లేదు. దీనిపై అప్పీలు లేదు. ఇట్లు, గుబ్బల గోవర్ధనస్వామి, ఉత్తర మండల అంట్ల అధికారి, పరిధి వంటిల్లు.

వచ్చే చలికాలం కోతకి రాబోయే మన నర్సరీ వాళ్ళకి చెప్పేదేమంటే, మేం రేపు గాలిఓడ ఎక్కుతున్నాం, ఇక మీదే ఈ ఒడ్డు. అంటు ఎవరి నుంచి కోస్తున్నామో తెలియకుండా కత్తి పట్టకూడదు. మా మేనమామ ఒకాయన పీచుమామిడి అంటుని రసాలని చెప్పి అమ్మేవాడు. కొన్నవాడు నాలుగేళ్ళు నీళ్ళు పోసి, కాయ కొరికి, అప్పుడు కర్ర పట్టుకుని వచ్చేవాడు. మా అమ్మ అనేది, దేని గురించైనా అబద్ధమాడు గాని తల్లిమొక్క గురించి ఆడకే అని. అందుకే ఇది రాయక తప్పడం లేదు.

ఒడ్డు మీద మొదటి వరసని పొద రకమనుకుని, వాటి నుంచి కోసి పొద మళ్ళీ పెంచుతున్నామని మురిసిపోకండి. అన్ని వరసలకీ తల్లి ఏటవతలిదే. మైరె పొద రకం ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. నేను రాసిన ఒక పిచ్చి ప్రకటనకి అదంతా డేగిసాలో అయిపోయింది. కరణం ఈ లాగు ఆమెకి చదువుతుందని నాకు తెలుసు. అంతా పోయిందన్న మాట ఒక యంత్రం నోట ఆమె వినడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆమెకి తెలిసిపోయిందనే నా అనుమానం. పొద కషాయం రెండు కప్పులు తాగిన నోటితో ఆ పుల్ల కొరికింది గదా. చేదు ఒకటి కాకపోయి ఉంటుంది. తెలిసీ మాట్లాడకుండా తన చేత్తోనే నాటింది. పరదేశీ, ఇకపై ఇదే నీ ఇల్లు, కుదురుకో అని ఆమె అన్నది నాతో కాదు, అంటుతో. నాకు గొంతు పట్టేసినదంతా దండగ.

ఆమె అడిగితే మీరూ పొదదే అనండి. అడగదనుకోండి.

నీలం బకెట్టు నిజమే, నా స్వార్జితమే, ముట్టుకుంటే చన్నీళ్ళే. అందులో పొద పుల్లలు మిగిలాయన్నది మాత్రం పూర్తిగా నా కల్పన. ఏటవతలి పుల్లలు అందులో వేసి మైరె ముందుకి తెచ్చేదాకా, ఆ బకెట్టులో నానుతున్నవి నా మేజోళ్ళు.